హిమానీనదాలు కరిగితే మనుషులకు ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హిమాలయాల మంచు ప్రస్తావన వస్తే చాలు, రెండు రకాల మాటలు వినబడతాయి. గంగ ఇంకో ఇరవై ఏళ్లలో ఎండిపోతుందని కంగారుపడేవారు కొందరు. ఎక్కడో కొండల మీద మంచు కరిగితే మనకు వచ్చిన నష్టమేమిటని తేల్చిపారేసేవారు ఇంకొందరు. ఇద్దరూ పొరబడుతున్నారు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలను, వాటికి జవాబులను ఇక్కడ ఇస్తున్నాం. కొన్నిటికి నాలుగు వాక్యాలు సరిపోయాయి. లద్దాఖ్, సిక్కింల దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగక తప్పలేదు.

హిమానీనదం అంటే కొండ మీద పేరుకున్న మంచేనా?

ఈ గందరగోళానికి సగం కారణం మన భాషే. తెల్లవారుజామున గడ్డి మీద పడేదీ మంచే, దారి కనపడకుండా కమ్ముకునేదీ మంచే, కశ్మీరులో ఆకాశం నుంచి కురిసేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. హిమానీనదం వీటిలో చివరిదానికి దగ్గర. కురిసిన మంచులో ఎండాకాలం దాటినా కరగకుండా మిగిలినది ఏటికేడు పొరలు పొరలుగా పేరుకుంటుంది. పైబరువుకు నలిగి, లోపలి గాలి బయటికి పోయి, గట్టి గడ్డగా మారుతుంది. మందం పెరిగాక ఆ గడ్డ తన బరువుకు తానే పల్లానికి జారడం మొదలుపెడుతుంది. కంటికి కనిపించనంత నెమ్మదిగానే అయినా జారుతుంది. నది అన్నది అందుకే.

పైన కురిసేది జమ, కింద కరిగేది ఖర్చు. జమాఖర్చులు సరిపోయినంతకాలం హిమానీనదం ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. ఖర్చు పెరిగితే దాని కింది కొస పైకి జరుగుతుంది. "గంగోత్రి వెనక్కి తగ్గింది" అని పత్రికల్లో చదివినప్పుడు మంచు వెనక్కి నడిచిందని అనుకోకూడదు. మంచు ఎప్పటిలాగే కిందికే వస్తోంది, వచ్చేదానికన్నా కరిగేది ఎక్కువగా ఉంది. మన దేశంలోని హిమాలయాల్లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ లెక్కపెట్టిన హిమానీనదాలు 9,575. వాటిలో సియాచిన్ పొడవు 76 కిలోమీటర్లు, గంగోత్రి పొడవు సుమారు 30 కిలోమీటర్లు.

ఇప్పటిదాకా ఎంత పోయింది?

2000 నుంచి 2023 వరకు ప్రపంచంలోని హిమానీనదాలు ఏటా సగటున 27,300 కోట్ల టన్నుల మంచును కోల్పోయాయి. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల మహా హిమఫలకాలు ఈ లెక్కలో లేవు. అంత పెద్ద సంఖ్య మనసుకు ఎక్కదు కాబట్టి మనకు అలవాటైన కొలతలోకి మార్చుకుందాం: సుమారు 9,600 టీఎంసీలు. నాగార్జునసాగర్ పూర్తి సామర్థ్యం ఇప్పుడు 312 టీఎంసీలు. అంటే ఏడాదికి ముప్పై సాగర్లు. ఇలా 24 సంవత్సరాలు.

ఈ కాలంలో ప్రపంచం మొత్తం మీద పోయింది సుమారు 5 శాతం. వినడానికి తక్కువే. కానీ నష్టం అన్నిచోట్లా సమానంగా పడలేదు. మధ్య యూరప్‌లో 39 శాతం పోయింది. స్విట్జర్లాండ్ ఒక్క 2022, 2023 సంవత్సరాల్లోనే తన మంచులో పదో వంతు పోగొట్టుకుంది. బొలీవియాలో చకల్తాయా హిమానీనదం మీద ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన స్కీయింగ్ మైదానం ఉండేది. 2009 నాటికి అక్కడ మిగిలింది రాళ్లే. హిందూకుష్-హిమాలయ ప్రాంతంలో 2011-2020 దశాబ్దంలో మంచు కరిగిన వేగం అంతకుముందు దశాబ్దం కంటే 65 శాతం ఎక్కువని ఖాట్మండులోని పర్వత ప్రాంతాల పరిశోధన సంస్థ ఇసిమోడ్ 2023లో ప్రకటించింది.

2035 నాటికి హిమాలయాల్లో మంచు ఉండదన్నారు కదా?

అన్నారు. అది తప్పు. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల కమిటీ, అదే ఐపీసీసీ, 2007 నివేదికలో ఆ వాక్యం దొర్లింది. సరైన ఆధారం లేదని తేలాక 2010లో కమిటీయే తప్పు ఒప్పుకుంది. పదిహేనేళ్లు దాటినా ఆ సంవత్సరం వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది. భయపెట్టేవాళ్లకూ అదే పనికొస్తుంది, "చూశారా, అన్నీ అబద్ధాలే" అనేవాళ్లకూ అదే పనికొస్తుంది. ఇప్పుడు నిలబడిన అంచనా వేరు: వేడిని అదుపు చేయకపోతే ఈ శతాబ్దం చివరికి హిందూకుష్-హిమాలయ ప్రాంతం ఇప్పుడున్న మంచులో 80 శాతం దాకా కోల్పోవచ్చు. 2035 కంటే ఇది తక్కువ నాటకీయంగా ఉంటుంది, కానీ ఇప్పుడు పుట్టిన పిల్లలు తమ వృద్ధాప్యంలో చూసేది ఇదే.

మరి గంగ ఎండిపోతుందా?

ఎండిపోదు. గంగ పై పరీవాహకంలో హిమానీనదాల నుంచి వచ్చే వాటా సుమారు 12 శాతం. ఎక్కువ భాగం వాన నీరే. కిందికి వచ్చేకొద్దీ ఉపనదులు కలిసి ఆ వాటా ఇంకా పలచబడుతుంది. పట్నా దగ్గర పారే గంగలో గంగోత్రి మంచు ఎంత అని అడిగితే చాలా కొంచెమనే చెప్పాలి. బ్రహ్మపుత్ర పై పరీవాహకంలో హిమానీనదాల వాటా 16 శాతం. సింధు నదిది పూర్తిగా వేరే కథ. దాని పై పరీవాహకంలో 40 శాతం హిమానీనదాల నుంచి, మరో 20 శాతం పైచిలుకు ఆ ఏడు కురిసిన మంచు నుంచి వస్తుంది. రుతుపవనాలు అక్కడికి చేరేసరికి అలిసిపోతాయి.

అయితే శాతాల దగ్గరే ఆగిపోతే అసలు సంగతి చేజారుతుంది. రైతుకు ఏడాది మొత్తం మీద పడిన వాన ఎన్ని సెంటీమీటర్లన్నది కాదు, అదనుకు పడిందా లేదా అన్నదే లెక్క. హిమానీనదం చేసే పని అదే. వానలు లేని ఏప్రిల్, మే నెలల్లో, రుతుపవనాలు ముఖం చాటేసిన ఏడాదిలో, నదిలో సన్నటి ధార తెగకుండా చూసేది అదే. కరవు ఏడాదిలో దాని వాటా అమాంతం పెరుగుతుంది. గాదెలో ధాన్యం పంట చేతికొచ్చిన నెలలో ఎవరికీ గుర్తుండదు. పంట పోయిన ఏడు మాత్రం ఇంటిల్లిపాది చూపూ గాదె మీదే.

మంచు కరిగితే ముందు నీళ్లు పెరగాలి కదా?

పెరుగుతాయి. దాచుకున్న డబ్బు తీసి ఖర్చుపెడుతుంటే కొన్నాళ్లు ఇల్లు కళకళలాడినట్టే. ఒక దశ దాకా ప్రవాహం పెరుగుతూ పోయి, మంచు తరిగాక తగ్గడం మొదలవుతుంది. ఆ శిఖర దశను పెరూలోని శాంటా నది ఉపనదుల్లో చాలావరకు ఇప్పటికే దాటేశాయి. హిమాలయాల్లో అది ఈ శతాబ్దం మధ్యలో రావచ్చని అంచనా. దీనిలోని ప్రమాదమేమిటంటే, నీళ్లు పెరిగిన ఆ పది, ఇరవై ఏళ్లలో మనుషులు దాన్నే మామూలు అనుకుంటారు. కొత్త కాలువలు తవ్వుకుంటారు, కొత్త ఆయకట్టు తెస్తారు, జలవిద్యుత్ కేంద్రాలకు ఆ ప్రవాహాన్నే ప్రాతిపదికగా చూపి అప్పులు తెస్తారు. తగ్గుదల మొదలయ్యేసరికి అప్పు మిగిలి ఉంటుంది.

లద్దాఖ్‌లో మనుషులే హిమానీనదాలు తయారు చేస్తున్నారట, నిజమేనా?

నిజమే, కానీ ఎందుకు చేస్తున్నారో తెలిస్తేనే దాని అందం అర్థమవుతుంది. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వర్షపాతం సుమారు 100 మిల్లీమీటర్లు. మన దగ్గర ఒక్క వాయుగుండానికి రెండు రోజుల్లో పడేంత. అక్కడి బార్లీ, గోధుమ చేలకు కొండల మీది మంచు కరిగి వచ్చే వాగులే దిక్కు. విత్తనాలు వేసేది ఏప్రిల్, మే నెలల్లో. ఐదువేల మీటర్ల పైన ఉన్న హిమానీనదాలు బాగా కరిగేది జూన్ తర్వాత. మధ్యలో ఆ ఆరేడు వారాల కొరత లద్దాఖ్ రైతుకు ఎప్పుడూ ఉన్నదే. ఊరిలో ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే మనిషిని అక్కడ చుర్పోన్ అంటారు. మన చెరువుల కింద నీరటికాడు చేసిన పనే. కింది మంచు కరిగిపోయి, మిగిలింది ఇంకా ఎత్తుకు ఎక్కేకొద్దీ ఈ కొరత పెరిగింది.

చెవాంగ్ నార్ఫెల్ అనే సివిల్ ఇంజినీరు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. చలికాలంలో వాగులు సన్నగా పారుతూనే ఉంటాయి, ఆ నీటితో ఎవరికీ పని ఉండదు, వృథాగా పోతుంది. దాన్ని ఊరికి దగ్గరగా, నీడ పడే లోయలోకి మళ్లించి, రాతి కట్టలతో వేగం తగ్గిస్తే అక్కడే పొరలు పొరలుగా గడ్డకడుతుంది. ఊరి దగ్గర, తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి పైనున్న అసలు హిమానీనదం కంటే ముందే, సరిగ్గా విత్తనాల వేళకు కరుగుతుంది. 1987లో ఫుక్సే గ్రామంతో మొదలుపెట్టి ఇలాంటివి ఎన్నో కట్టించారు. 2015లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

సోనమ్ వాంగ్‌చుక్, ఆయన విద్యార్థులు 2013లో దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. ఎగువన వాగు నుంచి పైపు వేసి భూమిలో పాతిపెట్టి ఊరి దాకా తెస్తారు. ఎత్తు తేడా వల్ల పుట్టే ఒత్తిడికే నీరు నిలువు గొట్టం పై కొస నుంచి ఫౌంటెన్‌లా చిమ్ముతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. రాత్రివేళ సున్నాకు ఇరవై డిగ్రీల కింద ఉన్న గాలిలో చిమ్మిన నీరు నేల మీద పడుతూనే గడ్డకట్టి, కింద వెడల్పుగా పైకి సన్నగా శంకువులా పెరుగుతుంది. నీరు పరుచుకుని గడ్డకడితే ఎండ మొత్తం మీద పడుతుంది. శంకువుకు నీటి పరిమాణంతో పోలిస్తే ఎండ తగిలే ఒళ్లు తక్కువ, అందుకే మే నెల దాకా నిలుస్తుంది. చూడటానికి బౌద్ధ స్తూపంలా ఉంటుంది కనుక ఆ పేరే పెట్టారు. మొదటిదానిలో నిలిచిన నీరు లక్షన్నర లీటర్లు, అంటే మన ట్రాక్టర్ ట్యాంకర్లు ముప్పై. తర్వాతవి చాలా పెద్దవి.

ఇది హిమానీనదానికి ప్రత్యామ్నాయమని మాత్రం అనుకోవద్దు. చలికాలంలో వాగు పారాలి, పైపు మధ్యలో గడ్డకట్టకుండా రాత్రుళ్లు మనుషులు కాపలా కాయాలి, పై ఊరు నీరు ఆపితే కింది ఊరు ఊరుకోదు. జన్‌స్కార్‌లోని కుమిక్ గ్రామానికి ఇలాంటి వీలు కూడా దొరకలేదు. పైనున్న మంచు తరిగి వాగు ఎండిపోతుంటే ఊరివాళ్లు కిందనున్న మైదానానికి కాలువ తవ్వుకుని అక్కడ కొత్త ఇళ్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. తరాలుగా ఉన్న ఊరిని వదిలి రావడమంటే ఏమిటో మన ప్రాజెక్టుల కింద ముంపుకు గురైన గ్రామాలవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. తేడా అల్లా, ముంపు గ్రామాలకు నష్టపరిహారం అడగడానికి ఒక కార్యాలయమైనా ఉంటుంది.

హిమసరస్సులు తెగి ఊళ్లను ముంచేస్తున్నాయంటారు. అసలు కొండ మీద సరస్సు ఎలా పుడుతుంది?

హిమానీనదం ముందుకు వచ్చినప్పుడు రాళ్లూ మట్టీ తోసుకొచ్చి తన కొస దగ్గర పెద్ద గట్టు పోస్తుంది. తర్వాత మంచు వెనక్కి తగ్గితే, గట్టుకూ మంచుకూ మధ్య ఖాళీ అయిన గుంటలో నీరు నిలుస్తుంది. అదే హిమసరస్సు. ఆ గట్టును ఏ ఇంజినీరూ కట్టలేదు, రివిట్‌మెంట్ లేదు, తూము లేదు, అలుగు లేదు. వదులుగా పేర్చిన రాళ్లు, మట్టి, కొన్నిచోట్ల లోపల కరుగుతున్న మంచు. చెరువు గట్టుకు ఎలక బొక్క పడితేనే రాత్రంతా కాపలా కాసే మన ఊళ్లవాళ్లు అలాంటి గట్టు కింద ఒక్క రోజు కూడా నిద్రపోరు.

సిక్కింలో 5,200 మీటర్ల ఎత్తున ఉన్న సౌత్ లొనాక్ సరస్సు కథ చూడండి. 1970ల్లో చిన్న గుంట. మంచు వెనక్కి జరిగేకొద్దీ పొడవు పెరుగుతూ వచ్చింది. ప్రమాదకరమని నిపుణులు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. 2016లో అధికారులు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి ప్లాస్టిక్ పైపులు మోసుకెళ్లి సైఫన్ పద్ధతిలో కొంత నీరు తోడారు. 2023 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రంలో దాని విస్తీర్ణం 167 హెక్టార్లు. అక్టోబర్ 3 రాత్రి పక్కనున్న ఒడ్డు, గడ్డకట్టిన మట్టితో సహా, సుమారు కోటిన్నర ఘనమీటర్లు ఒక్కసారిగా సరస్సులోకి జారింది. ఇరవై మీటర్ల ఎత్తు కెరటం లేచి గట్టు మీదుగా దూకి గండి కొట్టింది. అక్టోబర్ 4 చిత్రంలో మిగిలిన నీరు 60 హెక్టార్లు. బయటకు పోయింది సుమారు ఐదు కోట్ల ఘనమీటర్లు, అంటే దాదాపు 1.8 టీఎంసీలు. గండిపేట చెరువు నిండితే పట్టే నీటిలో సగానికి కాస్త తక్కువ. గండిపేటలో అది మెల్లగా నిండుతుంది. ఇక్కడ ఇరుకు లోయలో, చీకట్లో, దారిలోని బండలనూ చెట్లనూ కలుపుకుంటూ దిగింది.

చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్ట తెగి కొట్టుకుపోయింది. దాని వెనక నిలిచిన నీరు కూడా వరదతో కలిసింది. మృతులు, గల్లంతైనవారు కలిపి వంద మంది దాటారు. వరద సైనిక శిబిరాల్లోని మందుగుండును కూడా మోసుకెళ్లింది. దిగువన పశ్చిమ బెంగాల్‌లోని జల్‌పాయ్‌గురి జిల్లాలో అది పేలి మళ్లీ ప్రాణనష్టం జరిగింది. కొండ మీది మంచు కరిగితే మైదానంలో ఫిరంగి గుండు పేలుతుందని ఏ ప్రమాద అంచనా నివేదికలోనూ ఎవరూ ఊహించి ఉండరు.

కేదార్‌నాథ్, చమోలీ ప్రమాదాలు కూడా ఇలాంటివేనా?

పైకి ఒకేలా కనిపిస్తాయి, లోపల వేరు. 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదార్‌నాథ్‌లో ప్రధాన కారణం ఎడతెగని కుండపోత. ఆ వానకు, కరిగిన మంచుకు ఆలయానికి ఎగువనున్న చోరాబాడీ సరస్సు నిండి, 17వ తేదీ ఉదయం గట్టు తెగింది. వేలమంది చనిపోయారు. అక్కడ చిక్కుకున్న తెలుగు యాత్రికుల కోసం టీవీల ముందు రోజుల తరబడి ఎదురుచూసిన ఇళ్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఆలయం వెనక ఆగిన పెద్ద బండకు భీమశిల అని పేరొచ్చి ఇప్పుడు దానికీ పూజలు జరుగుతున్నాయి.

2021 ఫిబ్రవరి 7న చమోలీలో జరిగినదానికి మన పత్రికలు "హిమానీనదం విరిగిపడింది" అని రాశాయి. సరస్సు తెగలేదు, వాన పడలేదు, ఎండాకాలం కూడా కాదు. రోంతీ శిఖరం పక్క నుంచి సుమారు 2.7 కోట్ల ఘనమీటర్ల ముక్క విడిపోయి 1,800 మీటర్లు కిందికి పడింది. అందులో 80 శాతం రాయి, 20 శాతం మంచు. పడే దారిలో రాపిడికి మంచు కరిగి మొత్తం బురద వరదగా మారింది. రిషిగంగ విద్యుత్కేంద్రం తుడిచిపెట్టుకుపోయింది. తపోవన్ సొరంగాల్లో పనిచేస్తున్న కూలీలతో సహా 200 మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు.

ఈ తేడాలు పండితుల కోసం చెప్పుకునేవి కావు. సరస్సు అయితే ముందుగా కనిపెట్టవచ్చు, నీరు తోడవచ్చు. కొండచరియ ఎప్పుడు విడిపోతుందో చెప్పడం చాలా కష్టం. అందువల్ల అలాంటి లోయల్లో ఏమి కట్టాలి, ఎవరిని ఉంచాలి అన్న నిర్ణయమే రక్షణ.

ముందుగా హెచ్చరిస్తే ప్రాణాలు దక్కవా?

దక్కుతాయి. స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్ గ్రామమే సాక్ష్యం. ఊరి పైనున్న కొండ నుంచి బిర్చ్ హిమానీనదం మీద రాళ్లు రాలుతున్నాయని, మంచు వేగంగా జరుగుతోందని కొలతల్లో కనిపించగానే 2025 మే 19న సుమారు 300 మందిని, పశువులతో సహా ఖాళీ చేయించారు. మే 28న హిమానీనదం కూలి ఊరిలో 90 శాతాన్ని పూడ్చేసింది. పోయిన ప్రాణం ఒక్కటి. ఊరు మాత్రం లేదు.

మన హిమాలయాల్లో లోయలు వందలు, కొలత పరికరాలు కొన్నే. జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో 10 హెక్టార్ల కంటే పెద్దవైన 2,431 హిమసరస్సులను పరిశీలిస్తే, 1984 నుంచి 676 సరస్సులు బాగా పెరిగాయని, వాటిలో 130 భారత భూభాగంలో ఉన్నాయని ఇస్రో 2024లో చెప్పింది. ఉపగ్రహం సరస్సు పెరిగిందని చెప్పగలదు, అర్ధరాత్రి ఊరిని నిద్రలేపలేదు. దానికి లోయలో సైరన్ కావాలి, దాన్ని నడిపే మనిషి కావాలి, అది మోగితే ఎటు పరుగెత్తాలో ఊళ్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. నేపాల్‌లో ఎవరెస్టు దిగువనున్న ఇమ్జా సరస్సుకు 2016లో ఆ దేశ సైన్యం ఐదువేల మీటర్ల ఎత్తున కాలువ తవ్వి నీటిమట్టాన్ని 3.4 మీటర్లు తగ్గించింది. మనవాళ్లు చెరువుకు అలుగు పెట్టిన తర్కమే అది.

గోదావరి, కృష్ణలకు దీనితో సంబంధం ఉందా?

లేదు. రెండూ పడమటి కనుమల్లో పుట్టి రుతుపవనాల మీద బతికే నదులు. వాటిలో హిమానీనదాల నీరు చుక్క కూడా లేదు. లేని సంబంధాన్ని కల్పించి భయపెట్టనక్కర్లేదు.

మరి మన సముద్ర తీరానికి?

ఇక్కడ సంబంధం ఉంది, కొలిచి చెప్పాల్సినంత మేరకే. 2000-2023 మధ్య హిమానీనదాల నీరు ప్రపంచ సముద్ర మట్టాన్ని 18 మిల్లీమీటర్లు పెంచింది. ఉన్న హిమానీనదాలన్నీ కరిగినా పెరిగేది 30 సెంటీమీటర్ల పైచిలుకు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల సంగతి వేరు. కోనసీమలో, కృష్ణా డెల్టాలో, ఉప్పాడ ఒడ్డున కనిపిస్తున్న కోతను పూర్తిగా దీనికే అంటగట్టడం సరికాదు. ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టాకు కొత్త మట్టి రావడం లేదు, నేల కుంగుతోంది. కుంగుతున్న నేల మీదికి పెరుగుతున్న సముద్రం వస్తే కొన్ని మిల్లీమీటర్లు కూడా బరువే. ఉప్పునీరు బోర్లలోకి, కొబ్బరి తోటల్లోకి ఎక్కడానికి పెద్ద కెరటం అవసరం లేదు.

నీటి కోసం దేశాల మధ్య తగాదాలు పెరుగుతాయా?

తెలుగువారికి ఈ ప్రశ్న తేలికగా అర్థమవుతుంది. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా జలాలను 75 శాతం విశ్వసనీయత లెక్కన, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు కనీసం అంత నీరు వస్తుందన్న లెక్కన, 2,060 టీఎంసీలుగా పంచింది. గడిచిన ఏళ్ల ప్రవాహాన్ని చూసి, రాబోయేది కూడా ఇంచుమించు ఇంతే అనే నమ్మకంతో. ప్రపంచంలోని చాలా నదీ ఒప్పందాలకు పునాది అలాంటి నమ్మకమే. 1960 సింధు జలాల ఒప్పందంలో హిమానీనదాలు తరిగిపోతే ఏమి చేయాలన్న మాటే లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత్ ఆ ఒప్పందాన్ని నిలుపుదలలో పెట్టింది. దానికి కారణం మంచు కాదు. కానీ రేపు ఎవరు కూర్చుని ఎలాంటి ఒప్పందం రాసుకున్నా, పాత ప్రవాహ లెక్కలు చేతిలో పెట్టుకుని రాస్తే చెల్లవు.

ఈ నష్టానికి ఎవరు కట్టాలి?

పెరూలోని హువారజ్ పట్టణానికి చెందిన ఒక రైతు ఈ ప్రశ్నను కోర్టుకే తీసుకెళ్లాడు. ఆ పట్టణానికి ఎగువన పల్కకోచా సరస్సు ఉంది. 1941 డిసెంబర్ 13న అది తెగి పట్టణంలో మూడో వంతు కొట్టుకుపోయింది, కనీసం 1,800 మంది చనిపోయారు. ఇప్పుడు ఆ సరస్సు మళ్లీ నిండింది. భూమిని వేడెక్కించే వాయువుల ప్రపంచ ఉద్గారాల్లో అర శాతానికి కాస్త తక్కువ వాటా జర్మనీ విద్యుత్ సంస్థ ఆర్‌డబ్ల్యూఈదని, కాబట్టి రక్షణ పనుల ఖర్చులో అంత వాటా, సుమారు 17,000 యూరోలు, ఆ సంస్థే భరించాలని ఆ రైతు 2015లో జర్మనీలో దావా వేశాడు. పదేళ్లు నడిచింది. న్యాయమూర్తులు, నిపుణులు హువారజ్ వెళ్లి సరస్సును చూసి వచ్చారు. 2025 మే 28న హామ్ నగరంలోని ఉన్నత న్యాయస్థానం దావా కొట్టేసింది. అతని ఇంటికి ముప్పు తగినంత పెద్దది కాదన్నది. అదే తీర్పులో, పెద్ద ఉద్గారకులు ఇలాంటి నష్టాలకు సూత్రరీత్యా బాధ్యులు కావచ్చని కూడా చెప్పింది. రైతు ఓడిపోయాడు, వాదన గెలిచింది. సరిగ్గా అదే రోజున బ్లాటెన్ పూడిపోయింది.

దుప్పట్లు కప్పితే కరగడం ఆగదా?

కొంత ఆగుతుంది. స్విట్జర్లాండ్‌లో రోన్ హిమానీనదం కొస మీద, పర్యాటకుల మంచు గుహను కాపాడుకోవడానికి, ఏటా ఎండాకాలంలో తెల్లటి బట్ట పరుస్తారు. కప్పినంత మేర కరుగు సగానికి పైగా తగ్గుతుంది. కాసులు రాలే చిన్న ముక్కకు సరే. ముప్పై కిలోమీటర్ల గంగోత్రికి కప్పడానికి బట్ట ఎక్కడ తెస్తారు?

ఇప్పుడు ఏమి చేసినా లాభం లేదా?

కొంత ఎలాగూ పోతుంది. భూతాపం ఇప్పుడున్న స్థాయిలో ఆగినా, వచ్చే శతాబ్దాల్లో ప్రపంచ హిమానీనదాల మంచులో సుమారు 39 శాతం కరగక తప్పదని 2025లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క. అదే అధ్యయనం ప్రకారం వేడి పెరుగుదల, పారిశ్రామిక యుగానికి ముందున్నదానితో పోలిస్తే, 1.5 డిగ్రీల దగ్గర ఆగితే 53 శాతం మిగులుతుంది. ఇప్పటి విధానాలతో 2.7 డిగ్రీలకు చేరితే మిగిలేది 24 శాతం. కాబట్టి "అంతా అయిపోయింది" అనడం లెక్కల ప్రకారమే తప్పు. సగానికీ పావుకూ తేడా ఉంది. ఆ తేడాలో ఎన్ని ఊళ్లకు విత్తనాల వేళకు వాగు పారుతుంది అన్నదే ప్రశ్న.

హిమానీనదాలకు అంత్యక్రియలు చేస్తున్నారట, ఇదేమి చోద్యం?

2019లో ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదానికి స్మారక ఫలకం పెట్టారు. ఆ ఏటి గాలిలోని బొగ్గుపులుసు వాయువు మోతాదును, 415 పీపీఎం (పది లక్షల పాళ్లలో 415) అని, దాని మీద చెక్కారు. 2025 మే నెలలో నేపాల్‌లోని యాలా హిమానీనదం దగ్గర బౌద్ధ భిక్షువులు ప్రార్థనలు చేశారు. 1970ల నుంచి అది 66 శాతం కుంచించుకుపోయింది. చోద్యమని నవ్వేముందు, నదులకు పుష్కరాలు చేసే జాతి మనదని గుర్తు తెచ్చుకుంటే ఇది అంత వింతగా అనిపించదు.

గోముఖ్ చూడాలని ఉంది, వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. గోముఖ్ అంటే గంగోత్రి హిమానీనదం కింది కొస. గంగోత్రి ఊరి నుంచి 18 కిలోమీటర్ల నడక. రోజుకు 150 మందికే అనుమతి కాబట్టి అటవీశాఖ పర్మిట్ ముందే తీసుకోవాలి. చలికాలంలో దారి మూసేస్తారు. చాలామంది భోజ్‌బాసాలో రాత్రి ఆగి, మర్నాడు మిగిలిన నాలుగు కిలోమీటర్లు నడుస్తారు.

తెల్లటి మంచు గోడను ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. హిమానీనదం కింది భాగమంతా రాళ్లతో, మట్టితో కప్పి ఉంటుంది. కొస దగ్గర బూడిదరంగు గోడ, చారలు చారలుగా, మధ్య మధ్య పగిలిన చోట మాత్రమే నీలం. ఎండ ఎక్కేకొద్దీ పైనుంచి రాళ్లు రాలుతుంటాయి, ఒక్కోసారి మంచు పెళ్లలే ఊడిపడతాయి. దగ్గరికి వెళ్లి ఫోటో దిగవద్దు. గత శతాబ్దంలో ఈ కొస ఏటా సగటున 20 మీటర్ల చొప్పున వెనక్కి జరిగింది. తాతలు నీళ్లు పట్టుకున్న చోటుకూ మనవలు పట్టుకునే చోటుకూ మధ్య ఇప్పుడు కిలోమీటరుకు పైగా ఉత్త రాళ్లే.

అక్కడి నీళ్లు సీసాలో తెచ్చుకుంటే తెల్లగా, పాలు కలిపినట్టు కనిపిస్తాయి. కలుషితమయ్యాయని పారబోయకండి. సీసాను రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే నీరు తేటపడి, అడుగున వేలితో తాకితే పౌడరులా తగిలే మెత్తటి బూడిదరంగు పొర మిగులుతుంది. జారుతున్న మంచు కింద నలిగిన కొండ రాయి అది.